మూగబోని లాగర్

కిందటి వారం చిన్నిని ఆఫీసు కుర్చీలో, రెండు చేతుల మధ్య తల పట్టుకుని కూర్చున్నదాన్ని అలాగే వదిలేసి వచ్చాం. పాపం, ఈ వారం కూడా ఆ పిల్ల పరిస్థితి ఏమంత మారలేదు. తల పట్టుకోవడం మానేసి ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో చల్లారిన టీ పట్టుకుంది, అంతే తేడా.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. చిన్ని ఉద్యోగం, ఓడల మీద వెళ్లే చల్లటి సరుకుకి ఒడ్డున కూర్చుని జ్వరం చూడటం. ఈసారి సరుకు ఇన్సులిన్. కంటైనర్ నిండా సీసాలు. రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్యన ఉంటేనే అది మందు. కాస్త వేడెక్కితే మెల్లిగా పాడవుతుంది, అదొక రకం. సున్నా కిందికి వెళ్లి గడ్డకట్టిందో, ఇక అది మందు కాదు. కరిగాక చూస్తే మళ్లీ మామూలుగానే కనిపిస్తుంది, అక్కడే ఉంది చిక్కంతా. పొడుచుకున్నవాడికి సూది నొప్పి తప్ప ఏమీ దక్కదు.

ఈ ముక్క చిన్నికి ఉద్యోగంలో చేరాక తెలిసింది కాదు. అమ్మ పోయాక తనని పెంచిన అక్క, ఎన్నో ఏళ్లుగా రోజూ పొట్టకి ఆ సూది గుచ్చుకునే బతుకుతోంది. అక్క భర్త, అంటే మన బావ, సరుకు ఎగుమతి చేసే గోదాములో లోడింగు సూపర్‌వైజరు. చిన్నికి ఈ ఉద్యోగం చూపించింది ఆయనే. ఈ కంటైనర్‌ని దగ్గరుండి నింపించిందీ ఆయనే. లోపల రెండు లాగర్లు పెట్టిందీ ఆయనే. లాగర్ అంటే అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద తెల్లటి బిళ్ల. పావుగంటకోసారి తన చుట్టూ ఎంత చలి ఉందో ఓడ యాంటెన్నా ద్వారా చిన్ని ఆఫీసుకి చెబుతుంది. ఒకటి తలుపు దగ్గర, ఒకటి సరిగ్గా నడిమధ్య అట్టపెట్టెల్లో.

తలుపు దగ్గరిది మొదటినుంచీ బుద్ధిమంతురాలు. అయిదు డిగ్రీలు అంటే అయిదే. నడిమధ్యదే పెంకిఘటం. రోజూ రాత్రి సున్నా దాటి కిందికి దిగిపోతుంది, పొద్దున్నే మళ్లీ పైకొస్తుంది. ఓడ మీది మెకానిక్‌ని అడిగితే, కంటైనర్‌ని చల్లబరిచే మెషిన్ బంగారంలా పనిచేస్తోందని జవాబు పంపాడు. ఇంతలో సముద్రం మీద తుఫాను వచ్చి ఓడ యాంటెన్నా విరిగింది. ఓడ మీదున్న కంటైనర్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. తలుపు దగ్గరి లాగర్ కూడా మూగబోయింది. నడిమధ్యది మాత్రం, నిమ్మకు నీరెత్తినట్టు, పావుగంటకోసారి మాట్లాడుతూనే ఉంది.

అదిగో, అక్కడ ఆగాం.

రేపు ఓడ రేవుకి చేరుతుంది. కొన్నవాళ్లు లారీలు పంపాలా వద్దా అని అడుగుతున్నారు. సాయంత్రంలోగా చిన్ని ఒక ఉత్తరం రాయాలి. సరుకు క్షేమం అని రాస్తే, అది నిజంగా గడ్డకట్టి ఉంటే, ఎక్కడో ఎవరి అక్కో మందనుకుని నీళ్లు పొడుచుకుంటుంది. పాడైందని రాస్తే కంటైనర్ మొత్తం తగలబెడతారు, ముందుగా నిలదీసేది బావని. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ చెక్క కూడా ఇంతకంటే సుఖంగానే ఉంటుంది.

ఆఫీసులో సలహాలకి కొదవలేదు. ఆ లాగర్ మంచి కంపెనీది అయ్యుంటుంది, అందుకే తుఫానుకి తట్టుకుందని మేనేజరు గారు తేల్చేశారు. ఓడ యాంటెన్నా పోయాక కంపెనీ ఏదైతేనేం అని చిన్ని అడిగితే, ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, సాయంత్రంలోగా ఉత్తరం మాత్రం కావాలన్నారు. కంప్యూటర్ల కుర్రాడు లాగర్‌ని సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేసి మళ్లీ చేర్చాడు. అది మళ్లీ మాట్లాడింది. అసలు లాగర్ ఎక్కడుందో ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఏ కంటైనర్ పేరు మీద రాయిస్తే ఆ కంటైనర్‌లోనే ఉందని నమ్మేస్తుంది. ఓటర్ల జాబితాలో పేరుంటే మనిషి బతికున్నట్టే అనుకునే రకం.

ఆ లాగర్ పంపిన డిగ్రీలన్నీ కలిపి కంప్యూటర్ గీసిన గీతనే చిన్ని చూస్తూ కూర్చుంది. చూసేకొద్దీ మతిపోతోంది. రాత్రంతా గీత కిందికి జారుతుంది. పొద్దున లేస్తుంది, గబగబా నాలుగైదు గంతులేస్తుంది. మధ్యాహ్నం ఇంకో గంతు. మళ్లీ చాలాసేపు బుద్ధిగా పడుంటుంది. సాయంత్రం టీ వేళకి చిన్న గంతు, రాత్రి భోజనం వేళకి పెద్ద గంతు. కంటైనర్‌కి ఆకలేమిటి? సముద్రం మధ్యలో, సీలు వేసిన ఇనప పెట్టెలో, టీ తాగేదెవరు? ఎవరైనా దొంగతనంగా లోపల దాక్కున్నారేమో అనే ఆలోచన కూడా వచ్చింది చిన్నికి. అయిదు డిగ్రీల చలిలో ఇన్ని రోజులు దాక్కున్నవాడు మనిషై ఉండడని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆదివారాల దగ్గర గీత మరీ వింతగా ఉంది. పొద్దున ఆలస్యంగా లేచి, ఇక ఆపై రోజంతా గంతులే. పక్క సీటు ఆవిడకి చూపించింది. ఆవిడ చపాతీ నములుతూ తొంగి చూసి, ఆదివారం మా ఇంట్లో పిల్లలు ఫ్రిజ్ తలుపుకి కూడా ఇలాగే ఊపిరాడనివ్వరు అని, మళ్లీ చపాతీలో పడిపోయింది.

చిన్ని చేతిలో టీ బల్ల మీద ఒలికింది.

అది కంటైనర్ కాదు. ఎవరింట్లోదో ఫ్రిజ్. ఓడ యాంటెన్నాతో పనిలేకుండా ఎందుకు మాట్లాడుతోందంటే, అది ఓడలో లేదు కనక. ఒడ్డునే ఉంది, మామూలు ఫోన్లలాగే సిగ్నల్ పట్టుకుంటోంది. అంతవరకు తెలిసింది, కానీ తెలిసిన కొద్దీ భయం పట్టుకుంది. లాగర్లు బావ చేతిలోంచి తప్ప వేరే చేతిలోకి వెళ్లవు. కంటైనర్‌లో పెట్టాల్సిన బిళ్లని బావ ఎవరింట్లో పెట్టాడు? పెట్టకుండానే పెట్టానని ఎందుకు చెప్పాడు? బావ అబద్ధం ఆడగా చిన్ని ఇంతవరకు చూడలేదు. చూడలేదు కనక లేదనుకోవచ్చా? గీత కూడా అబద్ధం ఆడదు కదా. ఇద్దరు సత్యసంధుల మధ్య ఇరుక్కుని, మేనేజరు గారికి చెప్పకుండానే బ్యాగు తగిలించుకుని, అక్కాబావలతో కలిసి ఉండే ఇంటికి బయల్దేరింది.

బావ రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. చిన్ని వెళ్లేసరికి స్కూటర్ నీడలో పెడుతున్నాడు. లోపల అక్క కంచాలు పెట్టేసి, ఇద్దరూ ఒకేసారి రావడం చూసి, ఈ రోజు ఏం విశేషమో అని నవ్వింది. కాళ్లు కడుక్కోండి, వడ్డించేస్తాను అంది. చిన్ని కాళ్లు కడుక్కోలేదు.

"బావా, నడిమధ్య లాగర్ మీరు నిజంగా పెట్టారా?"

బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. చిన్ని జరిగిందంతా చెప్పింది: మూగబోయిన ఓడ, మూగబోని లాగర్, టీ వేళ గంతులు. చెబుతుంటే బావ మొహంలో ముందు అయోమయం కనిపించింది, తరవాత కోపం, ఆ తరవాత కోపంకంటే చూడలేనిది ఇంకేదో. తన చేత్తో పెట్టాడట. మూడో వరసలో అట్టపెట్టె విప్పి, బిళ్ల లోపలికి దోపి, టేపు వేశాడట. టేపు వేసింది ఇంకా కళ్లకి కడుతోందట.

"నా మీదే అనుమానమా నీకు?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే చిన్నికి ఇంకా తేలిగ్గా ఉండేది.

"అనుమానం కాదు బావా. నాకేం అర్థం కావట్లేదు. మీరు పెట్టారు, అది లేదు. రెండూ ఎలా నిజమవుతాయి?"

అక్క మధ్యలో కల్పించుకుని, ముందు తిని తరవాత తగువాడుకోండి అంది. ఇద్దరూ వినిపించుకోలేదు. చిన్ని కుర్చీ లాక్కుని కూర్చుని, ముందురోజు నుంచి మొదలెట్టమంది. లోడింగుకి ముందురోజు లాగర్లు ఎక్కడున్నాయి?

బావ నిలబడే చెప్పాడు. వెచ్చగా ఉన్న లాగర్‌ని తిన్నగా సరుకులో పెడితే, అది చల్లబడేదాకా గీత ఎక్కువ డిగ్రీలు చూపిస్తుంది, కొన్నవాళ్లు సరుకే వేడిగా ఎక్కించారని గొడవకి దిగుతారు. అందుకని లోడింగు వాళ్లకి ఒక అలవాటు ఉంది. ముందురోజు రాత్రి లాగర్లని చల్లగదిలో పెట్టి చలి పట్టిస్తారు. ఆ రోజు చల్లగది తలుపు రబ్బరు చిరిగి, మరమ్మతుకి గది మొత్తం ఖాళీ చేశారు. బావకి ఏం చెయ్యాలో తోచలేదు. కంటైనర్‌కి కావాల్సిన రెండూ, ఎప్పుడూ చేతిలో ఉంచుకునే అదనపుది ఒకటీ, మూడింటినీ క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ వారం చిన్ని ట్రైనింగుకని పై ఊరు వెళ్లింది కనక చూడలేదు. మన ఫ్రిజ్‌లోనే పెట్టానని, పొద్దున్నే కంటైనర్‌కి రెండు తీసుకెళ్లానని, అదనపుదాన్ని సాయంత్రం తీసుకుందాంలే అని వదిలేశానని, ఆ తరవాత దాని ఊసే మరిచిపోయానని చెప్పాడు.

చెబుతూ చెబుతూ చివరి మాట దగ్గర ఆయన నోరు దానంతటదే నెమ్మదించింది.

మూడూ ఒకేలా ఉంటాయి. వెనక అంటించిన నంబరే తేడా. కంటైనర్‌లో పెట్టేటప్పుడు నంబరు మళ్లీ చూసుకోవాలి. కానీ తలుపు తెరిచినంతసేపూ చలి పారిపోతుందని, అక్కడ అందరూ తరుముతూ ఉంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన బిళ్ల చెమ్మపట్టి మసగ్గా ఉంది. ఆయన చూడలేదు.

చిన్ని లేచి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. రెండో చేతిలో ఫోను.

"ఏంటే అది, కరెంటు ఊరికే వస్తోందా?" అంది అక్క.

"ఉండక్కా. ఒక్క పావుగంట."

ఆ పావుగంట ఎంత సాగిందో ఏం చెప్పను. ముగ్గురూ ఫ్రిజ్ ముందు, దేవుడి గది ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. లోపలినుంచి చల్లగాలి పాదాల మీదికి వచ్చింది. మేనేజరు గారు రెండుసార్లు ఫోను చేశారు, చిన్ని రెండుసార్లూ కట్ చేసింది. తప్పని తేలితే బావని ఎలా కాపాడాలి, తప్పు కాదని తేలితే గీతని ఎలా అర్థం చేసుకోవాలి, రెండిట్లో ఏది కోరుకోవాలో కూడా ఆ పిల్లకి తెలియలేదు. అక్క కాసేపు నిలబడి, కాళ్లు లాగుతున్నాయని వెళ్లి కంచం ముందు కూర్చుంది. వడ్డించిన అన్నం చల్లారిపోతోందని ఒకసారి గుర్తుచేసింది. వస్తున్నాం అని ఇద్దరూ ఒకేసారి అన్నారు, ఇద్దరూ కదల్లేదు.

ఫోనులో అంకె మారింది. మూడు ఉన్నది పదకొండు అయింది.

బావ మోకాళ్ల మీద కూర్చుని, పై అర లోపలికంటా చెయ్యి పెట్టి తడిమాడు. బిళ్ల వెనక గోడకి కరుగుతున్న మంచులో అతుక్కుపోయి ఉంది. పెకలించి తీశాడు. వేలితో చెమ్మ తుడిచి నంబరు చదివాడు. కంటైనర్ నడిమధ్యన ఉండాల్సిన నంబరే.

చిన్నికి ముందు నవ్వొచ్చింది. గుండె మీది బండ ఎవరో పక్కకి దొర్లించినట్టయింది. గడ్డకట్టింది సరుకు కాదు. కంటైనర్‌లో నిజంగా ఉన్న లాగర్ తలుపు దగ్గరిది, అది తుఫానుదాకా అయిదు డిగ్రీల దగ్గరనుంచి కదల్లేదు. మధ్యలో ఉన్న అదనపుదాన్ని ఏ కంటైనర్ పేరు మీదా రాయించలేదు కనక ఆఫీసులో కనబడలేదు, దాని సంగతి రేవులో విప్పి చూస్తే తెలుస్తుంది. ఉత్తరం రాయొచ్చు. క్షేమమని కాకపోయినా, జరిగిన నిజం రాయొచ్చు. బావ కూడా నవ్వేశాడు, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికించాను కదే నీచేత అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఇద్దరూ నవ్వుతుండగానే చిన్ని కళ్లు ఫ్రిజ్ లోపల పైన ఉన్న, చలి పెంచే తగ్గించే మీట మీద పడ్డాయి. చివరికంటా తిప్పి ఉంది.

"ఇది ఎవరు తిప్పారు?"

బావే. ఆ రాత్రి లాగర్లకి త్వరగా చలి పట్టాలని తిప్పాడు. పొద్దున మళ్లీ తగ్గించాలనుకున్నాడు. తగ్గించలేదు.

చిన్ని నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇన్నాళ్లూ తన కళ్లముందు రాత్రిళ్లు సున్నా కిందికి జారిన గీత అబద్ధం కాదు. సముద్రం మీద కాకపోతే ఇక్కడ, ఈ అరలో. బిళ్ల పెకలించిన చోటికి పక్కనే, మంచు మరకతో, అక్క రోజూ పొడుచుకునే ఇన్సులిన్ పెన్ను పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఎవరి అక్కో నీళ్లు పొడుచుకుంటుందని ఆఫీసులో కూర్చుని దిగులు పడింది. ఆ అక్క తన అక్కే. రోజూ రాత్రి గడ్డకట్టి, పొద్దునకి కరిగి, మామూలుగా కనిపించే మందుని ఇన్నాళ్లూ నమ్మి పొడుచుకుంది.

బావకి ఇంకా తట్టలేదు. డబ్బా మూత తీసి చూసిన చిన్ని, అది ఖాళీగా ఉండటం చూసి, కొంచెం ఊపిరి పీల్చుకుంది.

"అక్కా, పెన్ను ఏది?"

అది నిన్నటితో అయిపోయిందని అక్క కంచం దగ్గరినుంచే చెప్పింది. పొద్దున మందుల షాపు నుంచి కొత్తది తెచ్చుకుందట. ఫ్రిజ్‌లో పెట్టనే లేదు, బల్ల మీదే ఉంది. వేళ్లతో ఆ వైపు చూపించింది, చెయ్యి గాల్లోనే కాసేపు ఉండిపోయింది.

"ఎంత వేసుకున్నావు?"

"డాక్టరు చెప్పినంతే." అక్క మాటకీ మాటకీ మధ్య ఆగి వెతుక్కుంటోంది. "షుగరు దిగట్లేదని... మొన్న పెంచాడుగా. మళ్లీ పెంచాడు. ఇప్పుడు రెట్టింపు."

షుగరు దిగకపోవడానికి కారణం అక్క ఒళ్లు కాదు, ఆ అర. పాడైన మందుకని పెంచిన లెక్క అది. దాన్ని ఇవాళ మొదటిసారి మంచి మందుతో వేసుకుంది. వెంటనే తిండి పడకపోతే షుగరు పాతాళానికి జారి ముందు మతి తప్పుతుంది. భోజనానికి కూర్చోబోయే ముందు వేసుకుంది, మీ స్కూటర్ చప్పుడు వినే వేసుకున్నానంది. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. వీళ్లిద్దరూ వస్తారని, ముగ్గురూ కలిసి తినాలని, ఒక్క ముద్ద కూడా ముట్టకుండా ఇంతసేపూ కూర్చుంది. ఇంతసేపూ వీళ్లు ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"బావా, పంచదార. ముందు పంచదార తీసుకురండి."

బావ చేతిలోంచి లాగర్ జారి కింద పడింది. ఆయన వంటింట్లో డబ్బాలన్నీ మూతలు లాగి చూస్తున్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఈ ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు. షుగరు మనిషి ఉన్న ఇల్లని, కంటికి ఆనకుండా అక్కే ఎక్కడో దాచేది.

చిన్ని అక్క ముందు కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది, జాకెట్టు మెడ తడిసిపోయింది. మెతుకులు కలిపి నోటి దగ్గర పెట్టబోతే అక్క మర్యాదగా మొహం పక్కకి తిప్పుకుంది. పంచదార ఎక్కడ పెట్టావక్కా అని అడిగింది. మళ్లీ అడిగింది. అక్క చిన్ని మొహంలోకి చాలాసేపు, గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నం చేస్తున్నట్టు చూసింది. తరవాత, ఇంటికొచ్చిన కొత్తమనిషితో నవ్వే నవ్వు నవ్వింది.

"మీరు ఎవరమ్మా? కూర్చోండి, మా చెల్లెలు వచ్చేస్తుంది. అది వస్తే గానీ నేను తినను."